చతురస్రము దీర్ఘమెట్లగును?

నాలుగు భుజములును సమానములై, నాలుగు మూలలును లంబకోణములైన ఆకృతి చతురస్రమని బడిలో పిల్లలకు చెప్పుచున్నాము. మఱునాడు పొడవొకటి, వెడల్పొకటి యైన దానిని చూపి దీర్ఘచతురస్ర మనుచున్నాము. ఒకప్పుడు నా తరగతిలో ఒక బాలుడు లేచి, “పంతులుగారూ, భుజములన్నియు సమానమైననే కదా చతురస్రము! అది దీర్ఘమెట్లగును?” అని అడిగెను. “పేరు అట్లే వచ్చినది, కూర్చుండుము” అంటిని. ఆ మాట నేటికిని నన్ను బాధించుచున్నది. వాని ప్రశ్నలో తప్పు లేదు. లోపము నా నిర్వచనమునందే కలదు.

అస్రమనగా మూల, కోణము. నాలుగు మూలలు గలది చతురస్రము. భుజముల సమానత్వమును గూర్చి ఈ పదము స్వయముగా ఏమియు చెప్పదు. పూర్వులు యజ్ఞవేదికలను కొలత తప్పక నిర్మింపవలసి వచ్చినది. ఆహవనీయము చతురస్రము, గార్హపత్యము వృత్తము, దక్షిణాగ్ని అర్ధవృత్తము; ఆకృతులు వేఱైనను వైశాల్యము మాత్రము ఒక్కటిగా నుండవలెను. ఆ త్రాటి కొలతల శాస్త్రమే శుల్బసూత్రములు. బౌధాయనుడు దీర్ఘచతురస్రపు కర్ణమును గూర్చి చెప్పిన సూత్రము జగత్ప్రసిద్ధము. భుజములు సమానములని స్పష్టముగా తెలుపవలసినచోట ‘సమచతురస్రము’ అనిరి. క్రీ. శ. 499 నాటి ఆర్యభటుడును వర్గమును నిర్వచించుచు సమచతురస్రమనియే పలికెను. కాలక్రమమున మనము ‘సమ’ శబ్దమును జారవిడిచి, ‘దీర్ఘ’ శబ్దమును మాత్రము నిలుపుకొంటిమి. బాలుని సంశయమునకు మూలమిదియే.

భుజములు సమానమైనంత మాత్రమున చాలునా? చాలదు. నాలుగు సమానమైన వెదురుబద్దలను కొనలు కలిపి కట్టి ప్రక్కకు నొక్కినయెడల, భుజములు మాఱవు గాని మూలలు వంగును, వైశాల్యము తగ్గును. కర్ణమునో లంబమునో తెలుపక, భుజములను మాత్రమే చెప్పి చతుర్భుజ క్షేత్రఫలము నడుగువానిని భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో గట్టిగా మందలించెను. మన తాపీపనివాడు సైతము మూలమట్టము పెట్టి చూచును; రెండు కర్ణములును సరిపోయినవా యని త్రాడు పట్టి కొలుచును. ప్రాణమంతయు మూలలోనే కలదు.

ఈ సత్యమును పాతనగరమున రాతిలోను సున్నములోను చూడవచ్చును. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన చార్మినారు సమచతురస్రము. ఒక్కొక్క ప్రక్క సుమారు 20 మీటర్లు. నాలుగు దిక్కులకు నాలుగు కమానులు. కాని జనులు దానికి కమానులను బట్టి పేరిడలేదు. నాలుగు మూలల నిలిచిన మినారులను బట్టి పిలిచిరి. సంస్కృతము ఆకృతిని మూలలచేత పిలిచినట్లే, నగరము కట్టడమును మూలలచేత పిలిచినది. సంస్కృతమున ‘చతుర్’, పారసీకమున ‘చహార్’ ఏకకుటుంబమునకు చెందిన మాటలే.

అయితే ధ్వనిసామ్యమును నమ్మి మోసపోరాదు. చతురస్రమునకు తద్భవము చదరము. చదరపు గజమను మాట దానినుండియే వచ్చినది. చదరంగము మాత్రము చతురంగబలముల నుండి పుట్టినది; పలక చదరమైనను పేరు చదరముది కాదు. ఉర్దూలో చదరము ‘మురబ్బా’. అంగడిలో జాడీలలో నుండు ఉసిరిక మురబ్బా వేఱు ధాతువునుండి వచ్చినది. దానికిని నాలుగు మూలలకును సంబంధము లేదు.

ఇక కళలలోనికి పోదము. భరతుని నాట్యశాస్త్రమున నాట్యగృహములు మూడు విధములు: వికృష్టము, చతురస్రము, త్ర్యస్రము. వికృష్టమనగా నిడుపైనది. నిడుపైన దానికి వేఱు పేరు కలదు గనుక ఇచ్చట చతురస్రమన్నచో నలుప్రక్కలును 32 హస్తముల సమగృహమే. ‘సమ’ అనకున్నను అర్థము చెడదు. సంగీతమున చతురస్రజాతి లఘువునకు 4 అక్షరములు, తిస్రజాతికి 3, ఖండజాతికి 5. ఆదితాళమనగా చతురస్రజాతి త్రిపుట: 4, 2, 2 కలిసి 8 అక్షరములు. ఇందు మూలయు లేదు, భుజమును లేదు; సంఖ్య మాత్రమే మిగిలినది.

కాళిదాసు కుమారసంభవమున పార్వతి యౌవనమును వర్ణించుచు ఆమె శరీరము చతురస్రముగా శోభించెననెను. నేటి నిర్వచనము పట్టుకొని చదివినవాడు నవ్వును! కాని మెదకు సీమలోని కొలచారమువాడని ప్రసిద్ధి గన్న మల్లినాథసూరి దానిని విప్పి చెప్పెను: తక్కువయు లేక, ఎక్కువయు లేక తీరిన అంగములు గలదియని. గీతలనుండి బయలుదేరిన మాట సౌందర్యమును చేరినది. అన్ని మూలలును సరిపోయిన కట్టడమువలె, అన్ని అంగములును సరిపోయిన రూపము చతురస్రము.

ఒక పదము ఒక్కొక్క శాస్త్రమున ఒక్కొక్క భారము మోయును. గణితమున మూల, నాట్యమంటపమున సమత్వము, తాళమున సంఖ్య, కావ్యమున పొందిక. ఏ శాస్త్రమున వాడుచున్నామో తెలియక నిర్వచనమును కంఠస్థము చేయించినచో పిల్లవానికి మాట దక్కును గాని అర్థము దక్కదు.

కావున ఉపాధ్యాయులారా, తలిదండ్రులారా! మీ యింట ఏ పిల్లవాడైనను ఆ ప్రశ్న అడిగినయెడల కూర్చుండుమనకుడు. “నాయనా, చతురస్రమనగా నాలుగు మూలలు. సాగినది దీర్ఘము, సరిపోయినది సమము” అని చెప్పుడు. ఆనాడు నేను చెప్పవలసిన సమాధాన మింతే.