అనుభవజ్ఞులు పాఠం చెబితే: ప్రజా వ్యవహారాల చదువులో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'

మన ఆర్కాడు ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో రిటైరైన తహసీల్దారో, మున్సిపల్ ఇంజినీరో, బ్యాంకు మేనేజరో, చేనేత సహకార సంఘం కార్యదర్శో ఒకరైనా ఉంటారు. ముప్పై ఏళ్లు ఫైళ్లతో, జనంతో, కోర్టు నోటీసులతో గడిపినవాళ్లు. వారికి తెలిసిందంతా సాయంత్రం అరుగు మీద కబుర్లుగానే మిగిలిపోతోంది. అదే ఇంట్లో మనవడో మనవరాలో పాలనాశాస్త్రం చదువుతూ, ఒక పంచాయతీ బడ్జెట్ కాగితాన్ని చేత్తో పట్టుకోకుండానే పట్టా అందుకోవచ్చు. ఈ ఇద్దరినీ ఒకే తరగతి గదిలో కలిపే ఏర్పాటు ఒకటి ఇప్పుడు దేశంలో ఉంది. దాని గురించి మన పాఠకులు తెలుసుకోవలసిన వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

ప్రజా వ్యవహారాల చదువు అంటే

ప్రభుత్వం ఎలా నడుస్తుంది, డబ్బు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుంది, చట్టం ఊరిదాకా ఎలా చేరుతుంది అనే విషయాలు నేర్పే చదువు ఇది. మన దేశంలో పాలనాశాస్త్రం, పబ్లిక్ పాలసీ అనే పేర్లతో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ చదువుకు మన వైపు పాత చరిత్రే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం 1937లోనే ఇందులో డిప్లొమా మొదలుపెట్టింది. వేలూరు పక్కన సేర్కాడులో ఉన్న తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం 2002లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి విడిపోయి ఏర్పడినదే.

వృత్తిలో ఉన్నవారు వచ్చి పాఠం చెప్పడం కూడా కొత్తేమీ కాదు. లా కాలేజీల్లో ప్రాక్టీసు చేసే వకీళ్లు, వైద్య కళాశాలల్లో రోగులను చూసే డాక్టర్లు తరతరాలుగా బోధిస్తూనే ఉన్నారు. పాలన నేర్పే తరగతిలోకి మాత్రం పాలన చేసినవారు రావడం తక్కువ. పీహెచ్‌డీ, నెట్ వంటి అర్హతలు లేకపోతే అధ్యాపక పదవి దొరకదు కాబట్టి ఆ తలుపు మూసే ఉండేది.

2022లో తెరుచుకున్న దారి

యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

• తన రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండాలి, అది పెద్ద బాధ్యతల్లో అయితే మేలు. డిగ్రీలు, పరిశోధన పత్రాలు తప్పనిసరి కాదు.

• ఇప్పటికే అధ్యాపక వృత్తిలో ఉన్నవారికీ, అందులో రిటైరైనవారికీ ఇది వర్తించదు.

• పూర్తికాలంగానూ, పార్ట్‌టైమ్‌గానూ పనిచేయవచ్చు.

• మొదట ఏడాది వరకు తీసుకుంటారు. మొత్తం మూడేళ్లకు మించకూడదు. ప్రత్యేక సందర్భంలో మరో ఏడాది పొడిగించవచ్చు.

• ఇలా తీసుకునేవారి సంఖ్య మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. వీరిని ఆ పోస్టుల్లో లెక్కించరు.

• జీతం పరిశ్రమ ఇవ్వవచ్చు, విద్యాసంస్థ ఇవ్వవచ్చు, లేదా గౌరవ పద్ధతిలో పరస్పర అంగీకారంతో కొంత గౌరవ వేతనం ఉండవచ్చు.

సివిల్ సర్వీసులు, న్యాయవృత్తి, మీడియా వంటి వాటితోపాటు పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, నీటి సంరక్షణ, మునిసిపల్ ప్రణాళిక కూడా ఆ మార్గదర్శకాల జాబితాలో ఉన్నాయి. కలెక్టరు స్థాయివారికే ఈ గౌరవం అనుకోనక్కరలేదని మన పాఠకులు ముఖ్యంగా గమనించాలి.

పెద్ద పేర్లు, దగ్గరి ఉదాహరణలు

తెలుగువారిలో ఈ బాట నడిచినవారు ఉన్నారు. రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా 2003 నుంచి 2008 దాకా పనిచేసిన వై.వి.రెడ్డి తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో గౌరవాచార్యులయ్యారు. ఆయన తర్వాత గవర్నరైన దువ్వూరి సుబ్బారావు సింగపూర్‌లోనూ అమెరికాలోనూ విశ్వవిద్యాలయాల్లో విజిటింగ్ హోదాలో ఉన్నారు. ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా చేసిన సయ్యద్ అక్బరుద్దీన్ హైదరాబాద్‌లో గీతం సంస్థకు చెందిన కౌటిల్య స్కూల్ ఆఫ్ పబ్లిక్ పాలసీకి డీన్ అయ్యారు.

అంత దూరం పోకుండా మన దగ్గరే చూస్తే, వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో ఉన్న కె.వి.కుప్పంలో సి.ఎం.సి. ఆసుపత్రి వారి 'రూషా' కేంద్రం ఉంది. గ్రామీణ ఆరోగ్యం, సామాజిక వ్యవహారాలు అన్నవి దాని పేరులోనే కలిసి ఉన్నాయి. ఊళ్లలో పని చేస్తూనే శిక్షణ ఇచ్చే పద్ధతికి అది మన కళ్లెదుట ఉన్న నమూనా.

మన ఊరి వ్యవహారమే పాఠమైతే

అనుభవజ్ఞుడు వస్తే తరగతిలో ఏం మారుతుందో చెప్పడానికి పాలారు ఒక్కటి చాలు.

ఈ నది కర్ణాటకలో పుట్టి, ఆంధ్రలో కొంత దూరం పారి, మన జిల్లాలోకి వస్తుంది. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంలో పాలారు పేరుంది. అప్పటికి కుప్పం ప్రాంతం కూడా ఉత్తర ఆర్కాడులోనే ఉండేది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. కుప్పం దగ్గర ఆంధ్రప్రభుత్వం తలపెట్టిన ఆనకట్టపై తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. పుస్తకంలో ఇది 'అంతర్‌రాష్ట్ర జలవివాదం' అనే ఒక శీర్షిక. గేజి రీడింగులు రాసిన ఇంజినీరు చెబితే, ఏ అంకె ఎవరు రాశారు, దాన్ని రెండో పక్షం ఎందుకు నమ్మదు అన్నది కూడా తెలుస్తుంది. ఆ ఇంజినీరు ఇటు తమిళ ఫైలూ అటు తెలుగు ఫైలూ చదవగలవాడైతే ఇంకా మేలు. సరిహద్దులో తరతరాలుగా ఉన్న మన కుటుంబాల్లో అలాంటివాళ్లు ఉన్నారు.

అదే నదిపై రెండో పాఠం తోళ్ల శుద్ధి కర్మాగారాల కేసు. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన పిటిషన్‌పై 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటా పర్యావరణ చట్టం తరగతుల్లో చదువుతారు. కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రాన్ని మన దేశ చట్టంలో భాగమని చెప్పిన తీర్పు అది. కర్మాగారానికి 10,000 రూపాయల చొప్పున జరిమానా కూడా వేసింది. ఇంత జరిగినా 2025 జనవరిలో అదే పాలారు కాలుష్యంపై సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు చెప్పవలసి వచ్చింది. మధ్యలో దాదాపు మూడు దశాబ్దాలు ఏం జరిగింది, తీర్పు ఎక్కడ ఆగింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు పరిహారం దరఖాస్తులు చూసిన గుమాస్తాలు, నీటి నమూనాలు తీసిన ఉద్యోగులు, పొలం పాడైన రైతులు.

2008లో వేలూరు మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2019లో వేలూరు జిల్లా నుంచి రాణిపేట, తిరుప్పత్తూరు విడిపోయాయి. సిబ్బందినీ రికార్డులనూ ఎలా పంచారో దగ్గరుండి చూసినవారు ఇప్పుడిప్పుడే రిటైరవుతున్నారు. వారి మాట ఈ పదేళ్లలో వినకపోతే ఆ తర్వాత వినిపించేవారు ఉండరు.

జాగ్రత్త పడవలసినవి

పని తెలిసినంత మాత్రాన పాఠం చెప్పడం వచ్చినట్టు కాదు. 'మా రోజుల్లో' అంటూ మొదలైన క్లాసు ఆత్మకథగా మారిపోతే విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. పార్ట్‌టైమ్‌వారు క్లాసు అయ్యాక దొరకకపోవడం, పరీక్ష పేపర్లు దిద్దే భారమంతా పూర్తికాలం అధ్యాపకులపై పడడం ఇంకో ఇబ్బంది. పోస్టులు నింపకుండా తక్కువ డబ్బుతో ఇలాంటివారితో నెట్టుకురావడం అసలుకే మోసం. 10 శాతం హద్దు పెట్టడం మంచిదే. సిద్ధాంతం చెప్పే పూర్తికాలం అధ్యాపకుడూ, అనుభవం చెప్పే నిపుణుడూ కలిసి ఒకే కోర్సు నడిపితే ఇద్దరి లోటూ తీరుతుందని మా అభిప్రాయం.

ఇక మనం చేయవలసింది

పెద్దలకు: ఆసక్తి ఉంటే మీరే ముందుకు రావచ్చు. మార్గదర్శకాల ప్రకారం వివరమైన బయోడేటా, మీరు సంస్థకు ఏం చేయగలరో తెలిపే చిన్న రాతతో వైస్ చాన్సలర్‌కు పంపవచ్చు. 2023లో యూజీసీ దీనికోసం వెబ్ పోర్టల్ కూడా తెరిచింది. సెలక్షన్ కమిటీ చూశాక తుది నిర్ణయం విశ్వవిద్యాలయానిదే. ఉద్యోగంలో ఉన్నవారు ముందు శాఖ అనుమతి తీసుకోవాలి. పంపే ముందు మీరు స్వయంగా నడిపిన మూడు నాలుగు వ్యవహారాలను తేదీలతో, కాగితాలతో రాసిపెట్టుకోండి. పాఠానికి అవే ముడిసరుకు.

పిల్లలను చేర్పించే తల్లిదండ్రులకు: కాలేజీవారిని మూడు ప్రశ్నలు అడగండి. బయటి నిపుణుడు ఏడాదిలో ఒక్క ఉపన్యాసం ఇచ్చి పోతారా, కోర్సు మొత్తం చెబుతారా? క్లాసు అయ్యాక పిల్లలు ఆయన్ను కలవగలరా? విద్యార్థులు ఏదైనా ఆఫీసుకో ఊరికో వెళ్లి పని చేస్తారా? విదేశాల్లో ఈ చదువుకు పంపేవారికీ ఇవే ప్రశ్నలు పనికొస్తాయి.

వేలూరులోగానీ గుడియాత్తంలోగానీ మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే, ఈ వ్యాసం వారికి చదివి వినిపించండి. కనీసం వారి చేత ఆ మూడు నాలుగు వ్యవహారాలనైనా రాయించండి.