ఆరని వెలుగుతో అర్ధశతాబ్దపు తగాదా

నవంబర్ 8 వచ్చిందంటే ఆస్పత్రుల్లో రేడియాలజీ విభాగాలకు చిన్నపాటి పండగ. 1895లో ఆ రోజునే జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టారు. ఏటా ఆయన్ని తలుచుకుంటారు, ఉంగరంతో సహా కనిపించిన ఆయన భార్య చేతి ఎముకల్ని తలుచుకుంటారు. కిరణాన్ని పట్టిచ్చిన వస్తువు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ రోజు చీకటి గదిలో మెరిసింది బేరియం ప్లాటినోసైనైడ్ పూసిన తెర. కంటికి కనిపించని కిరణానికి సాక్ష్యం చెప్పిన మొదటి డిటెక్టర్ అదే.

తర్వాతి డెబ్బై ఏళ్లలో ఫిల్ములు మెరుగయ్యాయి, వాటి వెనక మెరిసే తెరలు మెరుగయ్యాయి. మనం నేరుగా 1960ల చివరినాటి ఇంగ్లండ్‌కి వెళ్లిపోవచ్చు.

గ్రామఫోన్ రికార్డుల కంపెనీ ఈఎంఐలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు లేత్ మిషన్ బెడ్డు మీద సీటీ స్కానర్ నమూనా బిగించారు. గామా కిరణాల కోసం అమెరిషియం పెట్టారు. ఒక్క బొమ్మకు కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు, కంప్యూటర్ లెక్క కట్టడానికి మరో రెండున్నర గంటలు పట్టింది. బీటిల్స్ పాటలు తెచ్చిన డబ్బుతోనే సీటీ పుట్టిందని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. బ్రిటన్ ఆరోగ్య శాఖ ఇచ్చిన సొమ్ము గురించి ఎవరు పాడతారు!

1971 అక్టోబర్ 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో తొలి రోగికి స్కాన్ తీశారు. ఆ యంత్రంలో కిరణాల్ని వెలుగుగా మార్చింది సోడియం అయొడైడ్ స్ఫటికం. దానికో చెడ్డ అలవాటుంది. స్విచ్ కట్టేసినా ఫ్యాన్ కాసేపు తిరిగినట్టు, కిరణం ఆగిపోయినా అది ఇంకాస్త సేపు మెరుస్తూనే ఉంటుంది. ఇంజినీర్లు దాన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు. తల పక్కనున్న గాలిలోంచి దూసుకొచ్చిన పెద్ద కిరణం తాలూకు మెరుపు ఆరకముందే, పుర్రెలోంచి బలహీనపడి వచ్చిన చిన్న కిరణాన్ని కొలవాలి. పాత వెలుగు కొత్త లెక్కలో కలిసిపోతే కొలత అబద్ధమవుతుంది. అందుకే రోగి తలను నీళ్ల పెట్టెలోకి, రబ్బరు తొడుగులోకి దూర్చేవారు. కిరణం ఎటు వెళ్లినా నీళ్లో తలో అడ్డుంటుంది కాబట్టి, వచ్చే వెలుగులో ఎక్కువ తక్కువల తేడా తగ్గేది.

అక్కణ్నుంచి డిటెక్టర్ల కథంతా ఈ ఆరని వెలుగుతో తగాదాయే. కొందరు జెనాన్ వాయువు నింపిన గొట్టాలు పెట్టారు. వాటిలో మెరుపే లేదు కాబట్టి ఆ పీడ వదిలింది, కానీ కిరణాల్లో బోలెడన్ని చిక్కకుండా జారిపోయేవి. ఆ తర్వాత గడోలినియం ఆక్సీసల్ఫైడ్ వంటి సిరామిక్‌లు వచ్చాయి. త్వరగా ఆరేందుకు వాటిలో చిటికెడు ప్రేసియోడిమియం, సీరియం కలిపారు. 1998లో నాలుగు వరసలున్న డిటెక్టర్లు, 2007లో తోషిబా 320 వరసలు. చుట్టు తిరగడానికి పావు సెకను చాలునన్న కాలం వచ్చేసరికి, ఆరడానికి బద్ధకించే స్ఫటికానికి సీటీలో చోటు లేకుండా పోయింది.

ఇక్కడే సింగపూర్ అడ్డం తిరిగింది.

అక్కడి కెంట్ రిడ్జ్ ఎంఆర్‌టీ స్టేషన్‌లోంచి పైకి వస్తే నేషనల్ యూనివర్సిటీ హాస్పిటల్. దాన్ని ఆనుకునే విశ్వవిద్యాలయం, అందులో కెమిస్ట్రీ విభాగం. ప్రొఫెసర్ లియు షియావోగాంగ్ బృందం 2018లో ‘నేచర్’ పత్రికలో సీజియం, సీసం, హాలోజన్‌లతో చేసిన పెరోవ్‌స్కైట్ నానోస్ఫటికాల గురించి రాసింది. పెద్ద స్ఫటికాన్ని కొలిమిలో పెంచే పని లేదు. ద్రావణంలో తయారుచేసి పూతలా వేసుకోవచ్చు. హాలోజన్ పాళ్లు మారిస్తే వెలుగు రంగు మారుతుంది. సెకనుకు 13 నానోగ్రేల మోతాదును కూడా పసిగట్టాయి. మామూలు వైద్య చిత్రణలో వాడేదానికి ఇది సుమారు 400 రెట్లు తక్కువ. మెరుపు ఆరడానికి పట్టింది పదుల నానోసెకన్లే. ఇంతవరకూ బుద్ధిమంతుల పనే.

2021లో అదే లియు, చైనాలోని ఫుజౌ విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి పూర్తిగా ఎదురుదారి పట్టారు. అందరూ చంపాలని చూసిన ఆఫ్టర్‌గ్లోను పెంచి పోషించారు! టెర్బియం కలిపిన సోడియం లుటీషియం ఫ్లోరైడ్ నానోకణాలవి. ఎక్స్ కిరణం తగిలితే ఫ్లోరైడ్ అయాన్లు తమ చోటు వదిలి పక్క సందుల్లోకి జరుగుతాయి. తాపీగా, ఎప్పటికో వెనక్కి వస్తాయి. వస్తూ ఇచ్చే శక్తితో టెర్బియం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ కణాల్ని సాగే సిలికోన్ రేకులో కలిపి, వంపులు తిరిగిన వస్తువుకు అతికించి ఎక్స్ రే తీశారు. బొమ్మ పదిహేను రోజులకు పైగా ఆ రేకులోనే నిలిచింది. స్పష్టత మిల్లీమీటరుకు 20 గీతల జంటలను మించింది. గట్టి పలక డిటెక్టర్ లేకుండా ఇది సాధ్యమవడం ఆషామాషీ కాదు.

సెకనుకు వేల కొలతలు తీసే సీటీలో ఈ రేకు ఒక్క చుట్టుకే చతికిలబడుతుంది. దాని చోటు మామూలు ఎక్స్ రేలో, అదీ వంగని పలక పెట్టలేని చోట. అయినా ఒక రంగమంతా దోషమని తేల్చేసిన గుణాన్ని చేరదీసిన ఆ ధీమా ముచ్చటగా ఉంటుంది.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. అదే 2021 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ సీమెన్స్ వారి ఫోటాన్ కౌంటింగ్ సీటీకి అనుమతిచ్చింది. అందులో వెలుగు ప్రసక్తే లేదు. కాడ్మియం టెల్యురైడ్ స్ఫటికం కిరణాన్ని నేరుగా విద్యుత్తుగా మార్చి, ఫోటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది, దేని శక్తి ఎంతో కూడా చెబుతుంది. మరి మెరిసే స్ఫటికాల పని అయిపోయినట్టేనా? 2023లో లియు బృందం మళ్లీ ‘నేచర్’లో కనిపించింది. ఈసారి నానోస్ఫటికాల రంగుల్ని బట్టి కిరణం ఏ దిక్కునుంచి వచ్చిందో పట్టే పద్ధతితో.

ఎవరి చిక్కులు వాళ్లవి. పెరోవ్‌స్కైట్‌లో సీసం ఉంది, తేమ పడదు. కాడ్మియం టెల్యురైడ్ మీద ఫోటాన్లు గుంపుగా వచ్చిపడితే రెండింటిని కలిపి ఒకటిగా లెక్కేస్తుంది; రెండు గళ్ల సరిహద్దు మీద పడ్డ ఒక్క ఫోటాన్‌ని రెండు వైపులా రాసేస్తుంది. ఈ తప్పుడు పద్దులు సరిచేయడం మీదే ఇప్పుడు ఇంజినీర్ల కుస్తీ.