మూలపాఠమును దాచని విద్య

వ్యాకరణము చదువుకొన్నవారికి ఒక సంగతి చక్కగా తెలియును. గురువు రూపమును మాత్రము చెప్పి సూత్రమును దాచినచో, శిష్యుడు ఆ రూపమును వల్లింపగలడే గాని వేరొక రూపమును సాధింపలేడు. తప్పు దొరలినచో దిద్దుకొనలేడు. కంప్యూటరు విషయమునను ఇదియే న్యాయము. ప్రోగ్రామును రచించువారు మొదట మనుష్యులు చదువదగిన మూలపాఠమును వ్రాయుదురు. అది యంత్రమునకు తెలియు భాషలోనికి మారిన పిదప మన చేతికి వచ్చును. మూలపాఠము లేకున్నను పని జరుగును గాని మర్మము తెలియదు. లైనక్సు చరిత్ర యంతయు ఈ మూలపాఠమును గూర్చిన కథయే.

ఈ కథకు ఆది ఒక ఆట యనిన మీకు వింతగా తోచవచ్చును. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థామ్సన్ అను నాతడు గ్రహముల నడుమ నౌకను నడపునట్టి ‘స్పేస్ ట్రావెల్’ అను ఆటను కల్పించెను. అచ్చటి పెద్ద యంత్రముపై ఒక్కసారి ఆడినచో సుమారు 75 డాలర్ల యంత్రకాలము వ్యయమగుచుండెను. అందుచేత నాతడు ఎవరును అంతగా వాడని పీడీపీ-7 అను చిన్న యంత్రమును చూచుకొని ఆటను దానిమీదికి మార్చెను. ఆ శ్రమలో యంత్రము గుట్టు చేతికి చిక్కెను. పిమ్మట డెనిస్ రిచీ మొదలగు సహచరులతో కలిసి, ప్రోగ్రాములను ఫైళ్లను ఒక క్రమమున నడపు ఆపరేటింగ్ సిస్టమును దానిపైననే నెలకొల్పెను. అదియే యూనిక్సు.

ఆ దినములలో పరిశోధకులు మూలపాఠములను ఒండొరులకు ఇచ్చిపుచ్చుకొనుచుండిరి. వ్యాపారము పెరిగినకొలది ఆ వాడుక సన్నగిల్లెను. 1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒక ప్రింటరునందు కాగితము తరచుగా చిక్కుకొనుచుండెను. దాని ప్రోగ్రామును సవరింపగోరిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు మూలపాఠము దొరకలేదు. కలిగియున్న వేరొకరు, ఎవరికిని చూపనని మాట యిచ్చితిననుచు నిరాకరించిరి. ఆ పట్టుదలతో స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ ప్రయత్నమును ప్రకటించెను. 1989లో జీపీఎల్ అను అనుమతిపత్రము వెలువడెను. దాని సారమిది: ఎవరైనను చదువవచ్చును, మార్పవచ్చును, పంచవచ్చును; పంచువారు మూలపాఠమును గూడ అవే హక్కులతో ఇయ్యవలెను. మన పెద్దలు విద్యాదానమనినది ఇట్టిదే గదా!

1991 ఆగస్టులో ఫిన్లాండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, తాను వినోదార్థము ఒక ఆపరేటింగ్ సిస్టమును వ్రాయుచున్నానని తెలియజేసి సలహాలు కోరెను. సెప్టెంబరులో మూలపాఠమును బయటపెట్టెను. 1992లో దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చెను. ఆతని కేంద్రభాగమునకు గ్నూ పనిముట్లు తోడై సంపూర్ణ వ్యవస్థ యేర్పడెను. 2017 నవంబరు పట్టికలో ప్రపంచమందలి 500 మహావేగ కంప్యూటర్లును లైనక్సుతో నడచునవే. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లకును అదియే పునాది.

మూలమును దాచుటవలని నష్టము నాకు స్వానుభవమున తెలిసినది. విద్యార్థులకొరకు ఒక వ్యాకరణ వివరణమును పెక్కేండ్లు కంప్యూటరుపై వ్రాసికొంటిని. ఆ తెలుగు ప్రోగ్రాములో ఏ అక్షరమునకు ఏ సంఖ్యయో దాని కర్తలకే యెరుక. యంత్రము చెడి క్రొత్తదానిపై తెరచిచూడగా తెలుగునకు మారుగా అర్థములేని గుర్తులు బారులు తీరినవి. అచ్చుతీసియుంచిన పుటలనుండి సగము తిరిగి వ్రాసికొంటిని, తక్కినది పోయినది. తాటాకు గ్రంథమునకు చెదపట్టినను మిగిలిన ఆకులను చదువవచ్చును. ఇచట ఒక్క అక్షరమునకును చెదపట్టలేదు, అయినను చదువుటకు వీలులేదు! లైనక్సు పుట్టిన 1991లోనే వెలువడిన యూనికోడులో తెలుగు అక్షరములకు అందరెరిగిన సంఖ్యలు గలవు. నేను దానిని ముందుగా ఆశ్రయింపనైతిని.

కావున నా మనవి మూడు మాటలు. తెలుగును యూనికోడులోనే వ్రాయుడు. ప్రతిని రెండుచోట్ల నుంచుడు. పాత కంప్యూటరు మందగించినదని పారవేయకమునుపు, లైనక్సును పెన్‌డ్రైవునుండి నడపి చూడుడు. ఉన్నదానిని చెరుపకయే పరీక్షింపవచ్చును. కొన్ని ప్రింటర్లును, కొన్ని వీడియో ఆటలును దానితో పొసగవు; మీకు కావలసినవి నడచునో లేదో చూచుకొనిన పిదపనే మార్చుకొనుడు. ఇక మూడవది. పిల్లవాడు వీడియో ఆటలో మునిగియున్నచో వేళకు లేపుడు, తప్పులేదు. కాని లేపిన పిదప “ఇది ఎట్లు నడచుచున్నదిరా?” అని ఒక్కమారు అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటలోనే విద్య ఆరంభమగును.