చంపావతీ తీరమున హరితదళములు

విజయనగరమునుండి సాలూరు పోవు రహదారిమీద, చంపావతీ నదీతీరమున నెలకొన్న గజపతినగరమును, దాని చుట్టుపట్ల పల్లెలను చూచువారికి మొదట కన్పట్టునవి చెరువులు, ఆ చెరువులకు నీరు చేర్చు గెడ్డలు, గట్లమీది తాటిచెట్లు, మెరకభూములలోని మామిడి, జీడితోటలు. తూర్పుకనుమలలో ఆండ్ర ప్రాంతమున పుట్టి, గజపతినగరము, నెల్లిమర్ల, డెంకాడలమీదుగా సాగి, కోనాడవద్ద బంగాళాఖాతమున కలియు చంపావతి వర్షాధారమైన నది. వానకాలమున పొంగి, వేసవి నాటికి ఇసుకలో సన్నని పాయయై మిగులును. కనుక ఈ సీమ రైతు బ్రతుకు, పడిన వానను నిలుపుకొనుటలో చూపు శ్రద్ధమీదనే ఆధారపడియున్నది. బడిపిల్లలు చేయు పర్యావరణసేవకు విలువ ఎంతయో నిర్ణయింపదలచినవారు ఇట్టిచోటనే నిలిచి చూడవలెను.

నీటిని, చెట్టును కాచుకొనుట ఊరివారందరి పని యను భావము మనకు క్రొత్తది కాదు. చెరువుగట్టు తెగిన వేళ ఇంటికొక మనిషి పలుగు, పార పట్టి కదలుట దక్షిణదేశమున తరతరముల ఆచారము; కుడిమరామతు అను పేర ప్రసిద్ధమైన ఈ ఆచారమునకు చెన్నపట్టణపు ప్రభుత్వము 1858లో చట్టరూపము కల్పించి, గట్లు తెగు ఆపత్సమయములలో గ్రామస్థులు శ్రమ చేయుటను విధిగా నిర్ణయించినది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు అంతరించి, చెరువులు ప్రభుత్వపరమైన పిమ్మట, ‘ఇది సర్కారు చెరువు’ అను మాట పల్లెలలో వినవచ్చినది. ఆ మాటతోపాటే, పూడిక తీయుట మన పని యను తలంపు సడలజొచ్చినది.

ఆ సడలిన బంధమును పాఠశాల ద్వారమున తిరిగి బిగింపవచ్చునను ఆశ మన దేశమున పలుమార్లు అంకురించినది. 1937లో వార్ధాయందు గాంధీమహాత్ముడు ప్రతిపాదించిన నూతన విద్యావిధానమున చేతిపనియే చదువునకు కేంద్రము. 1950లో కన్నయ్యలాల్ మున్షీ ఆరంభించిన వనమహోత్సవము నాటినుండి మొక్క నాటుట బడులలో ఏటేటి వేడుకయైనది. 1972 జూన్‌లో స్టాక్‌హోమ్ నగరమున ప్రపంచదేశములు సమావేశమై పర్యావరణమును మానవజాతి సమస్యగా గుర్తించిన తరువాత, మన సర్వోన్నత న్యాయస్థానము 1991 నవంబరు 22న, ఎం.సి. మెహతా తెచ్చిన వ్యాజ్యమున, పర్యావరణమును విద్యాలయములలో తప్పనిసరి పాఠ్యాంశము చేయవలెనని తీర్పు చెప్పినది. అటుపిమ్మట కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2001-02లో జాతీయ హరిత దళమును నెలకొల్పి, ఆసక్తి గల బాలబాలికలతో, ఒక ఉపాధ్యాయుని బాధ్యతక్రింద, బడులలో ఎకో క్లబ్బులను ఏర్పరచినది. ఆ ముందటేడే మన రాష్ట్రమున ఆరంభమైన నీరు-మీరు కార్యక్రమమువలన ఇంకుడుగుంతలు, పూడికతీత అను మాటలు ఊరూర మారుమ్రోగుచుండెను గనుక, ఈ దళములకు మనయందు నేల ముందే దున్నబడియుండెననవచ్చును.

ఈ దళములు చేపట్టు పనులు చూచుటకు చిన్నవి. వినాయకచవితికి ముందు చెరువుమట్టి తెచ్చి, పిసికి, రంగులు పూయని ప్రతిమలు చేయుట. మధ్యాహ్నభోజనానంతరము చేతులు కడిగిన నీరు పెరటి పాదులకు పారునట్లు చిన్న కాలువ తీయుట. ప్లాస్టిక్ సంచికి బదులు గోనెసంచి, థర్మోకోలు పళ్ళెమునకు బదులు అడ్డాకు విస్తరి వాడుడని ఇండ్లలో చెప్పుట. గోగునార పండించు పొలములును, అడ్డాకులు కుట్టు మన్యపు గ్రామములును గల ఈ సీమలో ఆ బోధ ఇరుగుపొరుగుల జీవనోపాధిని నిలుపు బోధ కూడ అగుచున్నది. చెరువు మదుమువద్ద ఒక్క పాలిథీన్ సంచి చుట్టుకొన్నచో, దానికి ఆకులు, నాచు, గుర్రపుడెక్క తగులుకొని, దిగువ మడులకు పోవు నీరు ఎట్లు సన్నగిల్లునో చేతితో తీసి చూచిన బాలుడు, ఆ పాఠమును పరీక్ష ముగిసిన తరువాతను మరువడు.

అయినను ఇందొక లోపము కలదు. బడిలో మొక్కలు నాటుట తొలకరి తరువాత, జూలై, ఆగస్టు మాసములలో జరుగును. గొయ్యి తీసి, పెంటయెరువు వేసి, తుమ్మకంప కంచె కట్టువరకు ఉత్సాహమునకు కొదువ లేదు. ఏప్రిల్ చివర బడికి తాళము పడును. మొక్కకు బిందెడు నీరు అత్యవసరమైన మే మాసమున పిల్లలు లేరు, గురువులు లేరు, మేకలు మాత్రము కలవు. మరల జూన్‌లో తలుపులు తెరచునప్పటికి ఎండిన పుల్లలు మిగులును. ఆ గోతులయందే మరల క్రొత్త మొక్కలు నాటబడును. ఊరు తోడుపడని బడిసేవకు ఇదియే గతి.

ఊరు తోడ్పడినచో ఏమి జరుగునో చూపుటకు శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలమునందలి తేలినీలాపురము చాలును. ఏటేట వలసవచ్చి చెట్లమీద గూళ్ళు కట్టు గూడబాతులను, రంగుకొంగలను ఆ గ్రామస్థులు శుభసూచకములుగా భావించి, తమ యాడపడుచులు పుట్టింటికి వచ్చినట్లు ఆదరింతురు. అచ్చటి పిల్లవానికి పక్షిని కొట్టరాదని ఏ దళమును నేర్పనక్కరలేదు. పెద్దలను చూచియే నేర్చుకొనును. మన విజయనగరము జిల్లాలోను, 2014 అక్టోబరు 12న తీరము దాటిన హుద్‌హుద్ తుపాను పచ్చదనమును కూల్చివేసిన తరువాత, 2018లో కలెక్టరుగా వచ్చిన ఎం. హరి జవహర్‌లాల్ మొక్కల పెంపకమును, చెరువుల శుభ్రతను ప్రజాకార్యములుగా నడిపించుటవలన, ఒక అధికారి పట్టుదలకు జనులు చేయి కలిపిన ఫలము కంటికి కనబడినది.

కాబట్టి హరితదళమును బడిగోడలలోపల బంధింపరాదు. మొక్క నాటిన దినముననే, వేసవిలో దానికి నీరు పోయువారెవ్వరో గ్రామసభలో నిర్ణయింపవలెను. చెరువు పూడికను, మదుముల స్థితిని పిల్లలు వ్రాసిన పుస్తకము పంచాయతీ బల్లమీద ఉండవలెను. నాటిన సంఖ్యను గాక, మూడవ యేటికి బ్రతికియున్న సంఖ్యను బట్టియే ఆ బడిని మెచ్చుకొనవలెను. పిల్లలు ఉత్సాహము నీయగలరు, పెద్దలు కొనసాగింపు నీయగలరు. ఈ రెండును కూడిననాడే చంపావతి ఒడ్డున ‘సర్కారు చెరువు’ అను మాట పోయి, ‘మన చెరువు’ అను మాట తిరిగి నిలుచును.