సందర్శక న్యాయ పరిశోధకులు – విశాఖపట్నం

పట్టా కోసం కాక, సొంత పరిశోధన కోసం కొంతకాలం ఒక న్యాయ విద్యాసంస్థలో గడిపే పండితులను విజిటింగ్ స్కాలర్లు అంటారు. విశాఖలో ఇందుకు తగిన చోట్లు ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల, 2008 నాటి రాష్ట్ర చట్టంతో ఏర్పడి సబ్బవరంలో నడుస్తున్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం.

దరఖాస్తుకు ప్రాణం పరిశోధన ప్రతిపాదనే. బయోడేటా, ప్రచురిత వ్యాసాలు, సిఫారసు లేఖలు దాని వెనకే వస్తాయి. చాలా సంస్థలు తమ ఆచార్యుల్లో ఒకరి సమ్మతిని ముందే కోరతాయి. ఆయన రచనలు చదివి, వాటితో తన పరిశోధన ప్రశ్నకున్న సంబంధం చూపుతూ దరఖాస్తుదారు రాసిన లేఖకే విలువ. ఇక్కడి నుంచి విజిటింగ్ స్కాలర్లుగా అమెరికా వెళ్లేవారికి సాధారణంగా జె-1 వీసా, ఆహ్వానించిన సంస్థ ఇచ్చే డీఎస్-2019 పత్రం అవసరం. ఆర్థిక సాయానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌లు ఒక దారి.

పరిశోధనాంశానికి విశాఖ రేవే గొప్ప వనరు. సరుకు రవాణా వివాదంలో ‘ఎం.వి. ఎలిజబెత్’ అనే విదేశీ నౌకను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంపై ఇక్కడే నిలిపివేశారు. అలాంటి దావాలు విచారించే అధికారం హైకోర్టుకు ఉందని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. నౌకా దావాలపై పార్లమెంటు కొత్త చట్టం చేసింది 2017లో. ఈ పాతికేళ్ల పరిణామం లోతైన అధ్యయనానికి అర్హం.