మద్రాసులో కొడవటిగంటి

కొడవటిగంటి కుటుంబరావు (1909-1980) పేరు చెప్పగానే అందరికీ తెనాలి గుర్తుకొస్తుంది. పుట్టింది అక్కడే. కథల్లోని మధ్యతరగతి ఇళ్ళూ చాలావరకు ఆ ప్రాంతపువే. కాని ఆయన వచనానికి నిలకడైన రూపం వచ్చింది మద్రాసులో. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుకుంటున్న మనం ఇది గమనించాలి.

కాశీ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతూ, ఆర్థిక మాంద్యం రోజుల్లో మానుకోవలసి వచ్చింది. రకరకాల ఉద్యోగాల తరువాత 1952లో ‘చందమామ’లో చేరారు. మరుసటి ఏడు మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కుటుంబరావు మాత్రం చనిపోయేదాకా ఆ పత్రికను వదలలేదు.

అక్కడ ఆయన పని ఎక్కువగా తిరగరాయడం. పాఠకులు పంపిన కథలు, పురాణాలు, ఇతర దేశాల కథలు ఆయన చేతిమీదుగా పిల్లల తెలుగులోకి వచ్చేవి. చాలావాటి కింద ఆయన పేరుండదు. భాషాశాస్త్రం చదివిన నాకు ఆ వాక్యమంటే మక్కువ. పొట్టిగా ఉంటుంది, సంస్కృత సమాసం అరుదు, ఏ జిల్లా యాసా పైకి తేలదు. పునాది కృష్ణా గుంటూరు జిల్లాల చదువుకున్నవారి మాటే, అది దాచనక్కరలేదు. అయినా హోసూరులోనో బరంపురంలోనో ఇంట్లో ఒక తెలుగు, బళ్ళో మరో భాష నేర్చిన పిల్లలకు నిఘంటువు అవసరం లేకుండా అందే తెలుగు అది.

విమర్శలోనూ అదే పద్ధతి. అలంకారశాస్త్ర పరిభాషతో బెదిరించరు. ఈ రచన పాఠకుడి జీవితానికి ఏం చేస్తుంది అని అడుగుతారు. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలో ఆయన ఉండడం నా దృష్టిలో ఈ ప్రశ్నకు కొనసాగింపే. కథలు వ్యాసాల్లా ఉంటాయని ఒక ఫిర్యాదు ఉంది. కొన్నిటి విషయంలో నిజమే. ‘చదువు’ నవలకు మాత్రం అది వర్తించదు. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి మాంద్యందాకా కాలమంతా సుందరం అనే కుర్రవాడి ఇంట్లోంచీ, బడిలోంచీ కనిపిస్తుంది. రచయిత గొంతు పెంచరు.

కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో వచ్చిన సంపుటాలు గ్రంథాలయాల్లో దొరికితే, కథలతో పాటు వ్యాసాలనూ పక్కన పెట్టుకుని చదవండి. ‘చందమామ’ పాత సంచికల్లో పేరులేని కథలనుంచి ఆయన వాక్యాన్ని గుర్తుపట్టి వేరుచేయడం మన విద్యార్థులు పూనుకోదగ్గ పరిశోధన.