రాత్రికి రాత్రే మెరిసిన ఫ్యాక్టరీ

షెడ్డులో నేల అద్దంలా ఉంది. దుమ్ము లేదు, ధూళి లేదు. డాక్టర్ విల్హెల్మ్ హ్యూపర్‌కు నమ్మబుద్ధి కాలేదు. విన్నదొకటి, చూస్తున్నదొకటి.

1930ల నడిమి కాలం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, డీప్‌వాటర్. డ్యుపాంట్ కంపెనీ రంగుల ఫ్యాక్టరీలో బీటా నాఫ్తైలమీన్ అనే రసాయనం తయారయ్యే చోటది. అక్కడి కార్మికుల్లో ఒకరి తర్వాత ఒకరికి మూత్రాశయ క్యాన్సర్ బయటపడుతోంది. హ్యూపర్ ఆ కంపెనీ ప్రయోగశాలలోనే పాథాలజిస్టు.

వెంట వచ్చిన ఫ్యాక్టరీ పెద్దలు ముందు నడుస్తున్నారు. హ్యూపర్ కావాలనే వెనకబడి, చివర్లో వస్తున్న ఫోర్‌మన్‌తో మాట కలిపాడు. ఎంత శుభ్రంగా ఉంచారయ్యా అని మెచ్చుకున్నాడు. ఆ ఫోర్‌మన్ కల్లాకపటం తెలియని మనిషి. నిన్న రాత్రి చూడాల్సింది డాక్టరుగారూ, మీరొస్తున్నారని తెల్లవార్లూ కడుగుతూనే ఉన్నాం అనేశాడు.

అయితే బెంజిడిన్ అనే మరో రంగుల రసాయనం చేసే చోటు కూడా చూపించండి అని ఫ్యాక్టరీ పెద్దలను అడిగాడు హ్యూపర్. వాళ్లు నసిగారు. ఆయన పట్టు వదల్లేదు. నాలుగడుగులు వేస్తే అదే రోడ్డు మీద చిన్న కట్టడం. అక్కడ చీపురు పడలేదు. దారి మీద, సరుకు ఎక్కించే అరుగు మీద, కిటికీ గట్ల మీద, లోపల నేల మీద, ఎక్కడ చూసినా తెల్లటి పొడి. అదంతా బెంజిడిన్.

కళ్లారా చూసింది కంపెనీ పెద్ద ఇరెనే డ్యుపాంట్‌కు రాసి పంపాడు. జవాబు రాలేదు. మళ్లీ ఆ షెడ్ల గుమ్మం తొక్కనివ్వలేదు. ఇదంతా హ్యూపర్ తన అచ్చుకాని ఆత్మకథలో రాసుకున్నాడు.

ఈ జబ్బు గుట్టు అప్పటికి కొత్తదేం కాదు. 1895లోనే జర్మనీ సర్జన్ లుడ్విగ్ రేన్, ఫ్యూక్సిన్ రంగు తయారుచేసే 45 మందిలో ముగ్గురికి మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని తోటి సర్జన్ల సభలో చెప్పాడు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ బీటా నాఫ్తైలమీన్‌ను, బెంజిడిన్‌ను పేరుపెట్టి హెచ్చరించింది. మొదటి ప్రపంచయుద్ధంతో జర్మనీ రంగుల దిగుమతి ఆగిపోయి అమెరికా కంపెనీలు సొంతంగా తయారీ మొదలుపెట్టాయి. రంగులతో పాటు రోగమూ సముద్రం దాటింది.

లేనిదల్లా ప్రయోగశాల రుజువు. ఎలుకల మీద, కుందేళ్ల మీద చేసిన ప్రయోగాలు తేల్చలేకపోయాయి. హ్యూపర్ కుక్కలను ఎంచుకున్నాడు. నెలల తరబడి వాటికి బీటా నాఫ్తైలమీన్ ఇస్తూ, సిస్టోస్కోప్‌తో మూత్రాశయం లోపలికి చూస్తూ వచ్చాడు. మనుషుల్లో వచ్చే గడ్డలే కుక్కల్లోనూ వచ్చాయి.

ఆ ఫలితాలు 1938లో అచ్చయ్యాయి. అంతకు ముందు ఏడాదే కంపెనీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. బీటా నాఫ్తైలమీన్ తయారీని మాత్రం 1955 దాకా ఆపలేదు.

అన్నేళ్లు సాగడానికి ఈ జబ్బు నడకే సాయపడింది. ఒంట్లో చేరిన రసాయనాన్ని వదిలించుకోవాలని కాలేయం దాని రూపు మార్చి మూత్రంలోకి తోస్తుంది. మూత్రం నిలవుండేది మూత్రాశయంలో. అక్కడ ఆ రసాయనం మళ్లీ కోరలు చాచి లోపలి పొర కణాల డీఎన్ఏను పట్టుకుంటుంది. గడ్డ తేలేసరికి పదేళ్లు పట్టొచ్చు, ఇరవై దాటొచ్చు. అప్పటికి కార్మికుడు పని మానేసి ఎక్కడో ఉంటాడు. అతని జబ్బుకు ఫ్యాక్టరీతో ముడిపెట్టేదెవరు?

రంగుల ఫ్యాక్టరీ మొహం చూడనివాళ్లకూ ఈ కథతో పని ఉంది. సిగరెట్ పొగలోనూ బీటా నాఫ్తైలమీన్ ఉంటుంది. ఇవాళ మూత్రాశయ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకే.

నొప్పీ మంటా లేకుండా మూత్రంలో రక్తం పడటం ఈ క్యాన్సర్‌కు తొలి గుర్తు. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే ఆగిపోవచ్చు కూడా. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకునేది అక్కడే. ఆగిపోయినా యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. పొగ తాగే అలవాటు ఎన్నేళ్లదో, ఒకప్పుడు ఏ పని చేశారో, ఏ రసాయనాల మధ్య గడిపారో ఆయన అడగకపోయినా చెప్పాలి.